నాలుగు బోల్టుల మూత

మా సంఘంలోని యువజన కూటమి వాళ్లు నెల కిందట ఇంటికి వచ్చి, ఒక ఆదివారం సాయంత్రం మాట్లాడమన్నారు. అంశం కూడా వాళ్లే కాగితం మీద రాసుకొచ్చారు, ‘వ్యాపారంలో క్రైస్తవ నాయకుడు’ అని. వాళ్లలో ఇద్దరు కొత్తగా సూపర్‌వైజర్లయ్యారు, ఒకతను రైస్ మిల్లు నడపబోతున్నాడు. నేను జనగామ చుట్టుపక్కల పత్తి జిన్నింగు మిల్లుల్లో జీవితమంతా పనిచేసి మేనేజరుగా రిటైరయ్యాను కాబట్టి నా దగ్గర చెప్పడానికి చాలా ఉంటుందని వాళ్ల నమ్మకం. మాట్లాడను, రాసిస్తానన్నాను. మాట్లాడితే చివర్లో అందరూ స్తోత్రం అంటారు, చప్పట్లు కొడతారు. అది నాకు పడదు. ఎందుకు పడదో కింద రాశాను.

ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో రాయను. అవి నాకే గుర్తు లేవు. ఒక ఇనుప మూత గురించి రాస్తాను.

పొద్దుటి ప్రార్థన

పాలకుర్తి రోడ్డు మీద ఉండే ఆ మిల్లుకు నేను మేనేజరుగా వెళ్లేటప్పటికి అక్కడ ఒకరినొకరు నమ్మే అలవాటు లేదు. రెంచీ పోతే పక్కవాడి మీద అనుమానం. మిషను ఆగితే ఎవరూ నోరు విప్పరు. తప్పు బయటపడితే జీతం కోత పడుతుందని అందరికీ భయం, ఆ భయంతో చిన్న తప్పులు కూడా లోపల లోపలే ముదిరేవి.

నేను జనగామలో క్రైస్తవ హాస్టల్లో ఉండి చదువుకున్నవాణ్ని. అక్కడ మా వార్డెన్ శనివారం సాయంత్రం మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, ఆ వారం చేసిన తప్పు ఎవరిది వాళ్లను చెప్పమనేవాడు. చెప్పినవాడికి దెబ్బ లేదు. దాచి దొరికినవాడికి మాత్రం బెత్తం విరిగేది. ఆ పద్ధతినే మిల్లులో పెట్టాను. పొద్దున షిఫ్టుకు ముందు ఆఫీసు వరండాలో పావుగంట ప్రార్థన, ఒక వాక్యం, ఆ తర్వాత సాక్ష్యం. నిన్న పనిలో ఎవరివల్ల ఏ తప్పు జరిగినా వాళ్లే లేచి చెప్పాలి. చెప్పినవాళ్లకు క్షమాపణ. జీతం కోయడం గానీ, ఆ మాట మళ్లీ ఎత్తడం గానీ ఉండవు.

ప్రార్థనకు రావడం ఎవరి ఇష్టం వాళ్లదేనన్నాను. అది నిజమేనని అప్పుడు నమ్మాను కూడా. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, మేనేజరు పెట్టిన ప్రార్థనకు ఎవరూ ఉత్త ఇష్టంతో రారు. నలభై మందిలో పది పన్నెండు మంది వచ్చేవాళ్లు, ఎక్కువగా ఫిట్టర్లు, ఆపరేటర్లు, నా కంట్లో పడాలనుకునేవాళ్లు. తండాల నుంచి వచ్చిన లంబాడా ఆడవాళ్లు మాత్రం వచ్చేవాళ్లు కాదు. వాళ్లకు వాళ్ల దేవుళ్లున్నారు, మా ప్రార్థనల భాష వాళ్లకు ఎక్కదు. ఆ పావుగంట వాళ్లు పత్తి కుప్పల దగ్గర కూర్చుని, దుమ్ము పోకుండా నెత్తికీ మూతికీ గుడ్డలు కట్టుకుంటూ వాళ్ల భాషలో మాట్లాడుకునేవాళ్లు. నేను వాళ్లను బలవంతం చేయనందుకు నాలో నేనే మురిసిపోయేవాణ్ని. సాక్ష్యం ఒక్కటైనా అందరి ముందూ జరగాలని నాకు తట్టలేదు.

బీడీ

మొదట్లో ఆ పద్ధతి బాగా పనిచేసింది. కాదనలేను.

ఒక పొద్దున హమాలీ ఒకాయన లేచి, “నిన్న పొద్దుమీకి కుప్పెనక బీడీ తాగిన సారు. ఆర్పిన అనుకుంట, గని మతికి లేదు” అన్నాడు. పత్తి కుప్పలో నిప్పు పడితే పైకి మంట కనిపించదు, రోజంతా లోపల రాజుకుంటూనే ఉంటుంది. ఆ మాట విన్న మరుక్షణం ప్రార్థన అక్కడే వదిలేసి అందరం పరుగెత్తాం. కుప్ప కూలదోసి చూస్తే లోపల కడవంత మేర నల్లగా కాలి ఉంది. ఇంకో గంట ఆలస్యమైతే మిల్లు మిగిలేది కాదు.

మా యజమాని రంగారావు గారు ఆ ప్రాంతంలో భూములున్న కుటుంబం మనిషి, అన్ని పార్టీలవాళ్లనూ ఎరిగినవాడు. ఆ సంగతి విని నన్ను పిలిచి, “దానియేలు, నీ పార్థన మంచిగనే పని చేస్తున్నది. నడిపియ్యి” అన్నాడు. పక్క మిల్లులవాళ్లు వచ్చి చూసిపోయారు. సంఘంలో నాకు గౌరవం పెరిగింది. ఆ గౌరవం నన్ను పాడుచేసింది. ఆ రోజు మిల్లును కాపాడింది సాక్ష్యం కాదు, విన్న వెంటనే లేచి పరుగెత్తిన మా కాళ్లు. నాకు మాత్రం సాక్ష్యమే గుర్తుండిపోయింది.

యాకయ్య

యాకయ్య మా ఫిట్టర్. ఊరు చిట్యాల దగ్గర. చేతిలో పనితనం ఉన్న మనిషి, మిషను చప్పుడు విని రోగం చెప్పేవాడు. సాయంత్రమైతే తాగుతాడు. ఇతను చేసిన తప్పు ఏమిటో అర్థం కావాలంటే మిల్లు ఎట్లా ఉంటుందో కొంచెం చెప్పాలి.

మిషన్లలో పత్తి ఒకవైపు పోతుంది, గింజ కింద పడుతుంది. ఆ గింజ పడటానికి నేలలో పొడుగ్గా ఒక కాలువ ఉంటుంది. కాలువలో పొడుగాటి ఇనుప మర తిరుగుతూ గింజను బయటికి తోస్తుంది. మర మీద మనుషుల కాళ్లూ చేతులూ పడకుండా వరసగా ఇనుప మూతలుంటాయి, ఒక్కో మూతకు నాలుగు బోల్టులు. గింజ ఇరుక్కున్నప్పుడల్లా ఫిట్టరు మూత విప్పి, ఆ గింజ తీసి, మూత మళ్లీ బిగించాలి. ఆడవాళ్లు చీపుళ్లతో ఆ మూతల పక్కనే రోజంతా చెదిరిన గింజ ఊడుస్తుంటారు.

యాకయ్య మూత విప్పేవాడు, బిగించడం మరిచేవాడు. మొదటిసారి సాక్ష్యంలో లేచి చెప్పినప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆ తర్వాత ఎవరో వెళ్లి మూత బిగించారు. రెండోసారి మధ్యాహ్నానికి బిగించారు. మూడోసారి ఎప్పుడు బిగించారో నాకు తెలియదు, నేను అడగలేదు. ఎన్నిసార్లయినా క్షమించమని కదా మనకు నేర్పింది. నేను లెక్క పెట్టకుండా క్షమించాను, అదే నా గొప్ప అనుకున్నాను.

కాపలా ఉండే ముసలాయన ఒకరోజు నాతో, “సారు, యాకయ్యకు ఏడ్సుడు అలవాటైంది, మనకు ఇనుడు అలవాటైంది” అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

ఆ పొద్దున

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా జనం రోడ్ల మీదికి వచ్చిన రోజులవి. వారంలో మూడు రోజులు బంద్. బస్సులు లేవు, బడులు లేవు. రంగారావు గారు పొద్దున పూట దీక్షా శిబిరంలో దండ వేసుకుని కూర్చునేవాడు, మధ్యాహ్నం మిల్లు ఎప్పుడు తెరుద్దామని నాకు ఫోన్ చేసేవాడు. పత్తి మాత్రం ఆగదు కదా. రైతుల ట్రాక్టర్లు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా నిలబడి ఉన్నాయి. రైతుల కోసమని జేఏసీ వాళ్లే రెండు రోజులు మిల్లు నడుపుకొమ్మన్నారు. మొదటి రోజు చీకటి పడేదాకా నడిపాం.

రెండో రోజు పొద్దున ప్రార్థన మానేద్దామా అనుకున్నాను. మానలేదు. తొందరగా ముగించాను. చివర్లో యాకయ్య లేచాడు.

“నిన్న గింజ ఇరుక్కుంటే మూడో మిషన్ కాడ మూత ఇప్పిన సార్. మళ్ల బిగియ్యలే. తప్పయింది, మాఫ్ చేయుండ్రి.”

“ఒప్పుకున్నవ్ గద యాకయ్య, ఇంక మనసుల పెట్టుకోకు. పో, పని చూసుకో” అన్నాను.

స్తోత్రం అన్నారు అందరూ. నేను గేటు దగ్గరికి వెళ్లాను, అక్కడ రైతులు కేకలు పెడుతున్నారు. యాకయ్యను మోటారు గదిలోకి ఎవరో పిలిచారు, అటు పోయాడు. మిషన్లు మొదలయ్యాయి. ఆ మూత తీసి ఉందని మిల్లులో పన్నెండు మందికి తెలుసు. చీపురు పట్టుకుని ఆ కాలువ దగ్గరికి వెళ్లిన మనిషికి తెలియదు.

ఆమె పేరు ధ్వాళి. దంతాలపల్లి దగ్గర తండా. ఆ సీజనంతా మిల్లు వెనక షెడ్డులోనే మొగుడితో ఉండేది. ముప్పై ఏళ్లుంటాయేమో. మూత ఉండాల్సిన చోట గింజలు కుప్పగా పరుచుకుని ఉన్నాయి, కింద తెరిచి ఉన్నట్టు కనపడదు. కాలు జారి చెయ్యి ఆనించింది.

అరుపు విని మోటారు ఆపేసరికి కుడి చెయ్యి మోచేతి దాకా పోయింది. అంతకన్నా రాయలేను.

జీపులో వేసుకుని జనగామ బయలుదేరాం. దారిలో రాస్తారోకో ఉంది, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. జీపులోకి తొంగి చూసిన ఆడవాళ్లు ఉడుకుతున్న అన్నం డేగిసా కొంగులతో పట్టుకుని పక్కకు జరిపారు. డప్పు కొట్టే ఒకాయన జీపు మెట్టు మీద నిలబడి, జనగామ దాకా ఉన్న ప్రతి అడ్డు దగ్గరా అరుచుకుంటూ దారి తీయించాడు. మేమెవరమో, ఏ మిల్లువాళ్లమో ఒక్కరూ అడగలేదు. జనగామ దవాఖానలో కట్టుకట్టి వరంగల్ పంపారు. అక్కడ చెయ్యి తీసేశారు.

వాంగ్మూలం

ఫ్యాక్టరీలు తనిఖీ చేసే అధికారి వస్తున్నాడని తెలిసి రంగారావు గారు నన్ను ఇంటికి పిలిపించాడు.

“మిల్లు పేరు బయటికొస్తే నా పేరొస్తది. శిబిరంల కూసున్నోన్ని, ఇజ్జత్ పోతది. మిషన్ నడుస్తుంటె ఆమెనే చెయ్యి పెట్టిందని రాయించు” అన్నాడు.

“అట్ల రాయియ్యలేను సారు. ఆమె తప్పు లేదు.”

“మరి ఎవరి తప్పు? నీదా?”

ఆయనే మళ్లీ, “మూత ఇప్పినోడు ఉన్నడు గద” అన్నాడు.

ధ్వాళి మీద తప్పు వేయనందుకు ఇంటికి వచ్చేటప్పుడు దారి పొడుగునా నన్ను నేను మెచ్చుకుంటూ వచ్చాను. మనిషి తనను తాను ఎంత తేలిగ్గా మోసం చేసుకుంటాడో తెలియాలంటే నన్ను చూడండి.

వచ్చిన అధికారి కోస్తా వైపు మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. యాకయ్యను ఎదురుగా కూర్చోబెట్టి అడిగాడు.

“నిన్నగాక మొన్న పొద్దుమీకి మూడో మిషన్ కాడ మూత ఇప్పిన సార్. బిగియ్యలే. తెల్లారి పొద్దుగాల పార్థనల మా సారుకు చెప్పిన” అన్నాడు యాకయ్య.

అధికారి నా వైపు తిరిగి నవ్వాడు. “ఈయన చెప్పేది నాకు సగమే అర్థమవుతుందండీ. మీరు మంచి తెలుగులో రాసిచ్చేయండి, సంతకం పెట్టించుకుంటాను.”

మంచి తెలుగు అనే మాట చురుక్కుమంది. మా మాటను చిన్నచూపు చూస్తున్నారనే బాధతోనే ఆ రోజుల్లో సగం జనం రోడ్డెక్కారు. ఇంకో రోజైతే నేనే గట్టిగా జవాబిచ్చేవాణ్ని. ఆ రోజు ఆ మాట నాకు అక్కరకొచ్చింది. కాగితం తీసుకుని మంచి తెలుగులో రాశాను. ‘ముందురోజు సాయంత్రం మూత విప్పి, తిరిగి బిగించకపోవడం నా నిర్లక్ష్యమే.’ అక్కడ ఆపేశాను. ‘మా సారుకు చెప్పిన’ అన్న మాట రాయలేదు.

యాకయ్య కూడబలుక్కుని చదవగలడు. పెదాలు కదుపుతూ చివరిదాకా చదివాడు. కాగితం తిప్పి వెనక వైపు ఏమైనా ఉందేమోనని చూశాడు. ఏమీ లేదు. నా ముఖం కేసి ఒకసారి చూసి సంతకం పెట్టాడు.

వారం తిరగకుండా అతన్ని పనిలోంచి తీసేశారు. ఆ పక్క మిల్లుల్లో ఎవరూ పెట్టుకోలేదు. రోజూ పొద్దున తప్పు ఒప్పుకొమ్మని అందరినీ లేపినవాణ్ని నేను, నా వంతు వచ్చినప్పుడు లేవలేదు. ప్రార్థన మాత్రం ఇంకో రెండేళ్లు నడిపించాను.

స్తోత్రం

రిటైరయ్యాక ఈ సంగతి నాలో నిలవలేదు. ఒక ఆదివారం ఆరాధనలో లేచి మొత్తం చెప్పాను. చెబుతూ ఏడ్చాను. పాస్టరు గారు కిందికి దిగి వచ్చి కౌగిలించుకున్నారు. సంఘమంతా స్తోత్రం అంది. బయట చెట్టు కింద ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పట్టుకున్నారు, ఎంత ధైర్యం బ్రదర్ అన్నారు. వారం రోజులు హాయిగా నిద్రపట్టింది.

ఎనిమిదో రోజు పొద్దున చాయ్ తాగుతుంటే యాకయ్య ముఖం గుర్తొచ్చింది. అతని భుజం మీద చెయ్యి వేసి, పో, పని చూసుకో అన్నాను కదా. సంఘం నాకు చేసిందీ అదే. నేను చెప్పాను, వాళ్లు విన్నారు, అందరికీ మనసు తేలికైంది. అక్కడ ఎవరికీ ధ్వాళి తెలియదు.

మీరు నలుగురి చేత పని చేయించబోతున్నారు కాబట్టి ఈ ఒక్కటి చెబుతాను. మీ కింద పనిచేసేవాళ్లు తప్పు ఒప్పుకున్నప్పుడు దయచేసి మంచిగా మాట్లాడటానికి తొందరపడకండి. ముందు లేచి వెళ్లి చూడండి. దెబ్బ ఎవరికి తగులుతుందో వాళ్లు ఆ మాట విన్నారో లేదో కనుక్కోండి. క్షమించే హక్కు మేనేజరు కుర్చీతో పాటు రాదు. నేను మాఫీ చేసింది ధ్వాళి చేతిని, నాది కాని చేతిని.

తండా

సంఘంలో చెప్పిన ఆ నెలలోనే దంతాలపల్లి వెళ్లాను. అప్పటికి రాష్ట్రం వచ్చింది, జిల్లాలు కూడా వేరయ్యాయి, ఆ ఊరు ఇప్పుడు మహబూబాబాద్ కిందికి పోతుంది. ఆటోవాడు తండా ముందు దించాడు. ధ్వాళి ఇంటి ముందు గద్దె మీద కూర్చుని ఎడమ చేత్తో మిరపకాయల తొడిమలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమంది, నీళ్లు ఇప్పించింది.

“అమ్మా, ఒక ముచ్చట చెప్పుదామని వచ్చిన. ఆ పొద్దున మూత లేదని నాకు ఎరుకే. యాకయ్య నాకు చెప్పిండు. నేను పోయి చూడలే” అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు. “గది నాకు ఎప్పుడో ఎరుకే సారు. యాకయ్యన్న దవాఖానకొచ్చి చెప్పిండు. కట్టు కూడ ఇప్పలే అప్పటికి.”

“దవాఖానకు వచ్చిండా?”

“వచ్చిండు. మస్తు తిట్టిన. మా ఆయన కొట్టబోయిండు. మళ్ల పత్తి ఏరే యాల్లకు ఈడికే వచ్చిండు. ఒంటి చేత్తోని పత్తి ఏరరాదు గద. ఒక్క మాట మాట్లాడలే, సంచి కట్టుకొని చేండ్లకు దిగిండు. గప్పటిసంది ఏడాదికోపాలి వచ్చి, మా చేను అయిందాంక ఉండి పోయేటోడు.”

“తాగుతుండెనా?” అన్నాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

“తాగేటోడు. చేన్ల ఉన్నన్ని దినాలు తాగేటోడు కాదు.”

“మరి సంతకం ఎందుకు పెట్టిండట?”

“నేనూ అడిగిన. మూత బిగియ్యనిది నేనే గద, అండ్ల అబద్ధం ఏమున్నది అన్నడు.” ఇంకో కాయ అందుకుని, “పోయినేడు రాలే. చిట్యాల కెల్లి ఆల్ల తమ్ముడు ఫోన్ చేసిండు, గుండె ఆగి సచ్చిపోయిండని” అంది.

యాకయ్యకు చెప్పాల్సిన మాట ఇక చెప్పడానికి లేదు. ప్రభుత్వ కాగితంలో అతను నిర్లక్ష్యపు మనిషిగానే ఉండిపోయాడు, నా చేతిరాతలో.

“నన్ను మాఫ్ చెయ్యమ్మా” అన్నాను చివరికి.

ధ్వాళి తొడిమ తీసిన కాయను పక్కన పెట్టి మొదటిసారి నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, దయ కూడా లేదు.

“చెప్పినవ్, మంచిది. ఇంక?”

“ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు రాసిస్త. యాకయ్య చెప్పిండని, నేనే ఇనలేదని.”

“మళ్ల చెప్పుడేనా సారు?”

ఆ పొద్దున వరండాలో నేను యాకయ్యను అడగవలసిన మాట, ఆమె అంతకుముందు అడిగిన ఆ ఒక్క మాటే. ఇంక? అని అడిగి ఉంటే అతను పరుగెత్తి మూత బిగించేవాడు.

చీకటి పడితే ఆటో దొరకదని లేచాను. ఇంటి వెనక నుంచి దారి వాళ్ల బావి పక్కగా పోతుంది. బావి మీద నీళ్లు తోడే మోటారు తిరుగుతోంది. దాని బెల్టు మీద ఇనుప జాలీతో చేసిన మూత ఉంది, పల్లెల్లో ఎవరూ పెట్టరు. చేసినవాడెవడో చూడగానే తెలిసింది. వంగి బోల్టులు చూశాను. నాలుగూ ఉన్నాయి. చేత్తో పట్టుకుని గట్టిగా కదిపి చూశాను. మూత కదల్లేదు.